ఆఖరి పదిహేను నిమిషాలు

"నువ్వు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అయినా ఇంకోసారి ఆ మాట మన గెస్టులతో అనకు."

మా మేనేజర్ మేడమ్ ఈ మాట అని నాలుగు నెలలైంది. అరవలేదు, అందరి ముందూ అనలేదు. ఆఫీసు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా అన్నారు. అరిచి ఉంటే ఆ రాత్రికే మర్చిపోయేవాణ్ణి.

నేను హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశంలో, ప్రాలన్ దీవి మీద ఒక హోటల్లో రిజర్వేషన్లూ రవాణా చూస్తాను. ఈ దేశంలో 115 దీవులు, జనం లక్ష పైచిలుకు. పెద్ద విమానాలన్నీ రాజధాని ఉన్న మాహే దీవిలోనే దిగుతాయి (కేరళ పక్కనున్న మన మాహే కాదు). అక్కణ్ణించి మా దీవికి ట్విన్ ఆటర్ అనే 19 సీట్ల చిన్న విమానంలో పదిహేను నిమిషాలు, బోటులో గంట.

ఆ రోజు యూరప్ నుంచి కొత్తగా పెళ్ళయిన జంట రావాలి. గల్ఫ్‌లో మారాల్సిన విమానం మూడు గంటలు లేటయింది. వాళ్ళు మాహేలో దిగేసరికి ప్రాలన్‌కి ఆ రోజు ఆఖరి చిన్న విమానం వెళ్ళిపోయింది, బోటూ వెళ్ళిపోయింది. ఒక సూట్‌కేసు గల్ఫ్‌లోనే ఉండిపోయింది. సొంత డబ్బుతో రాత్రికి ఎక్కడో గది తీసుకుని, మర్నాడు పొద్దున్న బోటులో వచ్చారు. ఆ పూట సముద్రం అల్లకల్లోలంగా ఉంది. అమ్మాయి ముఖం పాలిపోయింది. అబ్బాయి నా టేబుల్ మీద రెండు కాగితాలు పెట్టాడు. మాహే వరకూ ఒక టికెట్, అక్కణ్ణించి ఇంకో టికెట్, రెండూ కలిపి స్టేపుల్ చేసి ఉన్నాయి. ఆ పిన్ను చూస్తే వాళ్ళ లెక్కలో అది ఒకటే ప్రయాణమని తెలిసిపోతోంది.

నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "టికెట్లు విడివిడిగా కొన్నారు కాబట్టి మొదటి ఎయిర్‌లైన్‌కి బాధ్యత లేదు, రెండోదానికీ లేదు. మా హోటల్‌కైతే అసలు సంబంధమే లేదు." పక్క గదిలోంచి మేడమ్ విన్నారు.

ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడికి రాకముందు శంషాబాద్‌లో ఆరేళ్ళు ప్యాసింజర్ కౌంటర్‌లో నిలబడ్డవాణ్ణి. ఫ్లైట్ క్యాన్సిలైతే రెండొందల మంది మీద పడతారు, ఉండేది ముగ్గురం. అక్కడ మొదటి రోజే నేర్చుకునేది, నోటితో తప్పు ఒప్పుకోకూడదని. ఒప్పుకుంటే రేపు మెమో మనకే వస్తుంది. అంతమాత్రాన మనవాళ్ళకి మర్యాద తెలియదంటే నేను ఊరుకోను. చుట్టం వస్తున్నాడంటే రైలు అర్ధరాత్రి రెండింటికైనా స్టేషన్‌లో ఎవరో ఒకరం ఉంటాం. కాకపోతే అది ఇంటి సంగతి. యూనిఫాం వేసుకున్నాక అదే మనిషి వేరేలా మాట్లాడతాడు. నేనూ అలాగే మాట్లాడాను.

ఇంకో సంగతి కూడా నన్ను నేను సమర్థించుకోడానికి తవ్వుకున్నాను. మన దగ్గర రైలు తప్పితే బస్సుంది, బస్సు తప్పితే షేర్ ఆటో ఉంది, ఏదీ లేకపోతే బావమరిది బండేసుకుని వస్తాడు. ప్రయాణం మధ్యలో ఖాళీ వస్తే మనుషులే పూడుస్తారు. కాబట్టి రెండు టికెట్ల మధ్య ఉండే ఖాళీ గురించి నేనెప్పుడూ బుర్ర పెట్టలేదు. ఇక్కడ ఆ ఖాళీలో సముద్రం ఉంది.

రెండు రోజుల తర్వాత టీ తాగుతూ మేడమే మళ్ళీ ఎత్తారు. వాళ్ళమ్మ చిన్నప్పుడు ఇక్కడ ఎయిర్‌పోర్టే లేదట. బొంబాయికీ తూర్పు ఆఫ్రికాకీ మధ్య తిరిగే కరంజా, కంపాలా ఓడలు దారిలో ఇక్కడ ఆగేవి. ఓడ కనిపిస్తే చాలు, ఊరు ఊరంతా లాంగ్ పియర్ అనే రేవు దగ్గరికి పరిగెత్తేదట, వచ్చేది తమ మనిషి కాకపోయినా. తర్వాత సముద్రం పూడ్చి రన్‌వే వేశారు. 1972లో ఎలిజబెత్ రాణి వచ్చి ఎయిర్‌పోర్ట్ ప్రారంభించారు. "వాళ్ళు తమ ఊళ్ళో విమానం ఎక్కినప్పుడే మన గుమ్మంలోకి వచ్చినట్టు. మనకి ఇంకో దారి ఏముంది?" అన్నారు.

అప్పట్నించీ ఎయిర్‌లైన్ ఒప్పందాల వార్తలు చదివే తీరే మారిపోయింది. ఫలానా సంస్థతో కోడ్‌షేర్, వారానికి ఇన్ని సర్వీసులు, సంతకాల ఫొటోలు. కోడ్‌షేర్ అంటే ఒకే బస్సుకి రెండు కంపెనీల బోర్డులు పెట్టడం లాంటిది. ఒకళ్ళ నంబరు మీద టికెట్ కొంటాం, ఎక్కేది ఇంకొకళ్ళ విమానం. ఇంటర్‌లైన్ అంటే నంబర్లు ఎవరివి వాళ్ళవే, టికెట్ మాత్రం ఒకటి. ఏదైనా సరే, ప్రయాణం మొత్తం ఒకే టికెట్ మీద ఉంటే, మొదటి విమానం లేటై రెండోది తప్పిపోయినప్పుడు ఇంకోదాంట్లో ఎక్కించే పూచీ ఎయిర్‌లైన్లది. లగేజీ కూడా సాధారణంగా పెద్ద విమానం లెక్కే చివరిదాకా నడుస్తుంది. విడిగా కొన్నవాళ్ళు ముప్పై కిలోలతో దిగి, చిన్న విమానం దగ్గర ఇరవై కిలోలే అన్నప్పుడు నేల మీద పెట్టెలు విప్పుకుంటూ కూర్చోవడం ఎన్నిసార్లు చూశానో.

పెద్ద ఒప్పందాలు అక్కర్లేదని కాదు. దీవి చిన్నది, సొంతంగా ప్రపంచమంతా విమానాలు నడపలేదు. 2012లో అబూదాబీ ఎయిర్‌లైన్ ఎతిహాద్, ఇక్కడి ప్రభుత్వ ఎయిర్‌లైన్ అయిన ఎయిర్ సీషెల్స్‌లో 40 శాతం వాటా తీసుకున్నప్పుడు అబూదాబీ మీదుగా ఎన్నో ఊళ్ళు ఒక్కసారిగా దగ్గరయ్యాయి. 2021లో ఆ వాటా మళ్ళీ ప్రభుత్వం చేతికే వచ్చింది. ఒక్కరి మీదే ఆధారపడితే, మన గుమ్మం ఎప్పుడు తెరవాలో వాళ్ళ ఊళ్ళో నిర్ణయమవుతుంది. ఇప్పుడు ఎమిరేట్స్, ఖతార్, టర్కిష్, ఇథియోపియన్ కూడా వస్తున్నాయి, అది మంచిదే. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు ఇక్కడ ఖాళీ బీచ్‌లు అందంగా లేవు, భయంగా ఉన్నాయని మా వంటవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కానీ సంతకాలన్నీ మాహే దగ్గర ఆగిపోతే ఎలా? ప్రాలన్‌కి వచ్చే మనిషి ప్రయాణం అక్కడితో అయిపోదు. వాలీ ద మే అడవి, అందులో కోకో ద మేర్ చెట్లు, పోస్టర్ల మీద వేసే ఆన్స్ లాజియో బీచ్, ఇవన్నీ మా దీవి మీదే ఉన్నాయి. ఆ ఆఖరి పదిహేను నిమిషాలు కూడా అదే టికెట్‌లో ఉండాలి. గల్ఫ్‌లో విమానం లేటని తెలిసిన క్షణం ఇక్కడి చిన్న విమానం వాళ్ళకీ, బోటు వాళ్ళకీ తెలియాలి. దీనికి కొత్త విమానాలు కొనక్కర్లేదు, కొత్త రన్‌వే వెయ్యక్కర్లేదు.

నా చేతిలో ఉన్నంత నేను చేస్తున్నాను. బుకింగ్ రాగానే ఫ్లైట్ నంబరు అడుగుతున్నాను, ప్రాలన్ వరకూ ఒకే టికెట్ దొరుకుతుందేమో చూడమని ట్రావెల్ ఏజెంట్లకి మెయిల్ పెడుతున్నాను. కుదరదన్నవాళ్ళకి మాహేలో ఒక రాత్రి ఆగండని ముందే చెబుతున్నాను. ఎవరి విమానమైనా లేటని తెలిస్తే బోటు ఆఫీసుకి ముందు నేనే ఫోన్ చేస్తున్నాను.

పోయిన నెల నేను ఇంటికి బయల్దేరే ముందు మేడమ్ నా టికెట్ చూపించమన్నారు. మాహే నుంచి దుబాయ్, అక్కణ్ణించి హైదరాబాద్, అంతా ఒకటే టికెట్. ప్రాలన్ నుంచి మాహేకి మాత్రం అదే రోజు పొద్దున్న బోటు, అది విడిగా కొన్నాను. ఆవిడ ఆ కాగితం వైపు కాసేపు చూసి, నా షిఫ్ట్ మార్చి, ముందు రోజు సాయంత్రం బోటుకే పంపించారు. మాహే జెట్టీలో దిగేసరికి వాళ్ళ చెల్లెలి కొడుకు అట్టముక్క మీద నా పేరు తప్పుల్తో రాసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వానపడి అక్షరాలు కొంచెం చెరిగాయి. చాలాసేపటి నుంచే నిలబడ్డట్టున్నాడు.