గిర్నీ బేరింగుల వైట్‌మెటల్‌ను సీసం కుప్పల వెయ్యకండి

పరకాల, నర్సంపేట దిక్కు పాత గిర్నీలు, జిన్నింగు మిల్లులు విప్పుతున్నరని తెలిస్తే నేను ముందుగాల అడిగేది బేరింగుల గురించే. మోటార్లు, షాఫ్టులు, పుల్లీలు కొనేటోళ్లు చాలామంది ఉన్నరు. తిరిగే షాఫ్టు ఆనే బేరింగు షెల్లులను, సగానికి కోసిన గొట్టం లెక్క ఉండేవాటిని, మాత్రం ఎవరూ పట్టించుకోరు. అవి లోపల బూడిదరంగు పూతతో, నూనె జిడ్డుతో ఉంటయి. స్క్రాప్ దుకాణానికి పోయినంక ఆ పూతను కరిగించి, బ్యాటరీ ప్లేట్లతో కలిపి సీసం ధరకు తూకం వేస్తరు. వరంగల్ శివనగర్‌ల నా షెడ్డుకు పాత ఆయిల్ ఇంజిన్ల బేరింగులు మళ్లీ పోయించుకోవడానికి రైతులు ఇంకా వస్తరు. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది: అది ఉత్త సీసం కాదు, చాలాసార్లు అందులో సీసమే ఉండదు.

మా పనిలో దాన్ని వైట్‌మెటల్ అంటం. పుస్తకాల్లో బాబిట్ అని ఉంటది. అమెరికాకు చెందిన ఐజాక్ బాబిట్ అనే ఆయన 1839లో దీనికి పేటెంటు తీసుకున్నడు. మేలురకంలో తగరం నూటికి 89 పాళ్లు, మిగతాది యాంటిమొని అనే పెళుసు లోహం, కొంచెం రాగి. చవకరకం వేరే: అందులో సీసమే 75 నుంచి 80 పాళ్లు, యాంటిమొని 15 దాకా, తగరం కొద్దిగా. మిల్లుల పుల్లీలను తిప్పే, నిదానంగా తిరిగే పొడుగు లైన్ షాఫ్టుకు సీసం రకం సరిపోతది. ఆయిల్ ఇంజిన్ల పిస్టన్‌ను క్రాంకు షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగుకు తగరం రకమే కావాలె, ఎందుకంటే ప్రతి పేలుడు దెబ్బా దాని మీదనే పడుతది.

ఈ లోహం గుట్టంతా మెత్తదనం, గట్టిదనం ఒక్కచోట ఉండడంలనే ఉంది. మెత్తటి తగరంలో యాంటిమొని, తగరం కలిసిన గట్టి ఘనాలు చెదిరి ఉంటయి. బరువును మోసేది ఆ ఘనాలు. చుట్టూ ఉన్న మెత్తది కొద్దిగా అరిగి నూనె నిలవడానికి జాగా ఇస్తది, నూనెలో వచ్చిన ఇసుకరవ్వను తనలోకి గుంజుకుని షాఫ్టుకు గీత పడకుండా కాపాడుతది. మరి రాగి ఎందుకంటే, ఆ ఘనాలు కరిగిన తగరం కన్నా తేలిక, వదిలేస్తే పైకి తేలుతయి. రాగి, తగరం కలిసిన సూదులు అంతకన్నా ముందే గడ్డకట్టి, వల లెక్క అల్లుకుని వాటిని ఎక్కడివక్కడ ఆపుతయి. మూకుడు చల్లబడినప్పుడు పైన తేలిన గరుకు తెట్టెను మడ్డి అనుకుని గరిటెతో తీసి పారేసేటోళ్లను చూసిన. వాళ్లు పారేసేది యాంటిమొనినే. వేడి పెంచి అడుగు నుంచి కలిపితే అది మళ్లా కరుగుతది. నల్లటి బూడిద లెక్క పొడిగా మిగిలితేనే మడ్డి.

ఇప్పుడు అసలు సంగతి. రెండు రకాలను ఒక్క మూకుట్ల ఎందుకు కలపొద్దు? తగరం 232 డిగ్రీల దగ్గర, సీసం 327 దగ్గర కరుగుతయి. రెండూ కలిసినచోట మాత్రం 183కే కరిగే భాగం ఒకటి పుడుతది. టంకం కడ్డీ పనిచేసేది ఆ గుణం వల్లనే. బేరింగుల అదే గుణం శని. అన్నిటికన్నా చివరికి గడ్డకట్టే ఆ భాగం రేణువుల నడుమ పల్చటి పొరలా నిలుస్తది. ఇంజిన్ బాగా కాగినప్పుడు ముందుగాల బలం తప్పేది అక్కడనే. చూసేటోళ్లకు బేరింగు చక్కగనే ఉంటది, ఎండకాలం మోటబాయి దగ్గర పొద్దంతా నడిస్తే పూత పగిలి పెచ్చులుగా ఊడుతది. మేలురకం తగరం మెటల్‌లో సీసం అర శాతం కన్నా తక్కువే ఉండాలని ప్రమాణాలు చెప్పేది అందుకే.

కాబట్టి కరిగించే ముందే వేరు చెయ్యాలె. కళ్లతోని చూసి చెప్పలేం, బరువుతోని చెప్పొచ్చు. షెల్లు వెనక బ్లోలాంప్‌తో కాగబెడితే పూత జారి పళ్లెంల పడుతది. చల్లారిన ముక్కను మామూలుగా ఒకసారి, దారంతో కట్టి నీళ్లల్ల వేలాడదీసి ఇంకోసారి తూచాలె. 740 గ్రాముల ముక్క నీళ్లల్ల 640 చూపిస్తే తగరం రకం. 666 దరిదాపుల చూపిస్తే సీసం రకం. తగ్గిన బరువుతో అసలు బరువును భాగిస్తే మొదటిదానికి 7.4, రెండోదానికి 10 వస్తది. ఆ లెక్క రెండిటి నడుమ వస్తే ఎవరో ఇదివరకే కలిపిపెట్టిండ్రని అర్థం. తెల్ల కాయితం మీద గీయడం కూడా ఉపయోగమే, సీసం ఎక్కువున్నది పెన్సిల్ లెక్క మసక గీత వదులుతది.

పాత ప్రింటింగు ప్రెస్సుల అచ్చక్షరాలు కూడా ఇదే కుటుంబం: సీసం, యాంటిమొని, తగరం. విదేశాల్లో తుపాకి లైసెన్సున్నోళ్లు వీటితో, సీసం రకం బేరింగు మెటల్‌తో తూటాలు పోసుకునే వీడియోలు చూసి, మనం పోస్తే ఏమైతదని కొందరు పిల్లలు నన్ను అడిగిండ్రు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం, జైలుకు పోతరు. నా మూకుడు ఆ పనికి ఇయ్యను.

ఇంకో ప్రశ్న ఇంటి ఆడవాళ్ల నుంచి వస్తది, ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టడానికి ఈ మెటల్ పనికొస్తదా అని. వద్దమ్మా. కళాయికి శుద్ధ తగరమే కావాలె. ఇందులో యాంటిమొని తప్పకుండా ఉంటది, సీసం ఉన్నా ఉండొచ్చు. చింతపండు పులుసుకు అది దిగుతది.

పోత పని సంగతి కొంత చెప్త. షెల్లును గీకి, జింకు క్లోరైడు రాసి, ముందు తగరంతో కళాయి పట్టించాలె. కళాయి అంటనిచోట పూత నిలవదు. షెల్లును, షాఫ్టు జాగాల నడుమ పెట్టే ఇనుప గుండును కాగబెట్టుకోవాలె. మెటల్ 420 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు ఒక్క ధారగా, ఆగకుండా పోయాలె. నా దగ్గర వేడి కొలిచే థర్మోకపుల్ ఉంది. నాయిన మాత్రం ఎండిన పుల్లను ముంచి చూసేటోడు: గోధుమరంగుకు మారితే సరి, అంటుకుంటే ఎక్కువైనట్టు. చల్లారినంక తట్టి వింట. గణగణమంటే అంటుకున్నట్టు, బొద్దుగా మోగితే మళ్లా విప్పుడే. తర్వాత లేత్, ఆ తర్వాత షాఫ్టు ఎక్కడ ఆనుతదో తెలిసేటట్టు నీలం రంగు రాసి స్క్రాపర్‌తో చేతితోనే సరిచేసుడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే.

మూకుడు దగ్గర నీళ్ల చుక్క కూడా ఉండొద్దు. కరిగిన లోహం కిందికి తడి పోతే క్షణంలో ఆవిరై మెటల్‌ను మొఖానికి కొడుతది. మృగశిర కార్తె మొదలైతే నేను రేకుల కింద పోత పెట్టను. గరిటె, కడ్డీల అచ్చు కూడా ముందే కాగబెడుత. సీసం రకం కరిగించేనాడు పిల్లలు ఆ దిక్కే రావొద్దు. మడ్డి దుమ్ము చేతికి, బట్టకు అంటి ఇంట్లకు వస్తది, పసిపిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా చెడుపే. పని బట్టలు షెడ్డులనే విడుస్త, చేతులు కడగకుండా చాయ్ గ్లాసు ముట్టను. జింకు ముక్కలు కూడా మూకుట్ల పడకుండా చూసుకోవాలె. పాత కార్బొరేటర్ల నుంచి వచ్చే ఆ లోహం కలిస్తే మెటల్ ధార కట్టదు.

నా షెడ్డుల కడ్డీల మీద ఉలితో అక్షరం కొట్టి ఉంటది: తగరం రకానికి ‘త’, సీసం రకానికి ‘సీ’. ఎటూ తేలనివాటికి వేరే డబ్బా పెట్టిన, ఇంజిన్ బేరింగుకు అందులోంచి ముక్క కూడా తియ్యను. మీ ఊళ్లె గిర్నీ విప్పుతుంటే షెల్లులను కరిగించకముందే, ఏ షాఫ్టుకు ఉన్నదో వెనకవైపు పెయింటుతో రాసిపెట్టుండ్రి.