చిన్నోడు తొండ అనే రాశాడు

పదకొండు దాటింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకు మాత్రం చిన్నోడి వర్క్‌షీటే కళ్లముందు తిరుగుతోంది. బొమ్మలో కంచె మీద తలెత్తుకుని కూర్చున్న జీవి. గొంతు ఎర్రగా, వీపున రంపప్పళ్లలాగా ముళ్ల వరస, ఒంటికి రెండింతల తోక. వీడు ‘తొండ’ అని రాశాడు. ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘ఊసరవెల్లి’ అని దిద్దారు. మార్కు పోయింది.

అది ముమ్మాటికీ తొండే. ఊసరవెల్లి కళ్లు దేనిదారిన అది తిరుగుతాయి, కాళ్లు పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి, తోక చుట్టుకుంటుంది. ఆ బొమ్మలో ఇవేవీ లేవు. “మన ప్రహరీ మీద ఉండేది అదే కదమ్మా, నేను తప్పు రాశానా?” అని వాడు అడుగుతుంటే కడుపు రగిలిపోయింది. రేపు బడికి పోయి గట్టిగా అడగాల్సిందే అనుకున్నా.

ఉలవపాడులో అమ్మమ్మ వాళ్ల తోట గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో మామయ్య కొడుకులకి తొండ కనపడితే చాలు, రాళ్లే. రక్తం పీలుస్తుందంట. ఒకసారి మామిడి మొద్దు మీద ఉన్నదానికి దెబ్బ గట్టిగా తగిలింది. చూస్తుండగానే గొంతులో ఎరుపు పోయి మట్టిరంగుకి వచ్చేసింది. నేను ఏడుస్తా నిలబడ్డా. అమ్మమ్మ పరిగెత్తుకొచ్చి వాళ్ల చేతుల్లో రాళ్లు లాగేసింది. “అది తినేది చీమలూ పురుగులూరా అబ్బయ్యా, మీ రక్తం దానికెందుకు?”

ఆ అమ్మమ్మే ఎవరన్నా మాట మారిస్తే “తొండ ముదిరి ఊసరవెల్లి అయింది” అనేది. ఇది రాస్తుంటే టీచరు మీద కోపం కొంచెం దిగింది. ఆవిడా ఆ సామెత వింటానే పెరిగుంటారు. పైగా తొండ కూడా రంగు మారుస్తుంది. 1802లో దోదాఁ అనే ఫ్రెంచాయన దానికి పెట్టిన ‘వెర్సికలర్’ పేరుకి అర్థమే అది. తొండల కుటుంబం అగామిడే. అందులో 500 పైన జాతులున్నాయి. పడమటి కనుమల్లో చెట్టు నుంచి చెట్టుకి తేలిపోయే డ్రాకో, ఆస్ట్రేలియాలో మెడచుట్టూ గొడుగు విప్పే బల్లి, అన్నీ దీని రక్తసంబంధీకులే. కొమొడో డ్రాగన్ మాత్రం కాదు, అది ఉడుముల వైపుది. ఊసరవెల్లిది వేరే కుటుంబమైనా తొండలకి అన్నిటికన్నా దగ్గర చుట్టం. రెండింటికీ పళ్లు దవడ అంచుకే అతుక్కుని ఉంటాయి.

చుట్టమైతే మాత్రం పేరు మార్చేస్తారా? కొట్టేసే ముందు ఎందుకలా రాశావని వాణ్ణి ఒక్క మాట అడగొచ్చు కదా.

గొడవకైతే పోను. పొద్దున ఎండెక్కగానే అది ప్రహరీ మీదకొచ్చి తలూపుతుంది. చిన్నోడి చేతే ఫోటో తీయించి పంపిస్తా.