మిచెల్‌విల్‌లో ఇంటి ధర

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువారిలో లాన్‌హామ్ శివవిష్ణు ఆలయం ఎరగనివారు అరుదు. అయితే ఆ గుడి ఉన్న మేరీల్యాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ, సంపన్న నల్లజాతి మధ్యతరగతికి దేశమంతటా పేరుపొందిన చోటని తెలిసి వచ్చేవారు ఎందరన్నది అనుమానమే. దర్శనం అయ్యాక మా మేనల్లుణ్ణి కారు అదే కౌంటీలోని మిచెల్‌విల్ వైపు పోనిమ్మన్నాను.

ముఖభాగమంతా ఎర్ర ఇటుక కట్టిన పెద్ద పెద్ద ఇళ్లు, పక్కనే గోల్ఫ్ మైదానం. ఒక ఇంటి ముందు గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్న పెద్దాయన, కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైనవారు, మమ్మల్ని ఆదరంగా పలకరించారు. ఇదే ఇల్లు పక్కనున్న మాంట్‌గోమరీ కౌంటీలో ఉంటే ఎంతో ఎక్కువ పలికేదని, వెల కట్టడానికి అప్రైజర్ వచ్చే ముందు ఇంటివారు నల్లజాతివారని తెలిస్తే వెల తగ్గుతుందేమోనని తమ అమ్మాయి హాల్లోని కుటుంబ ఫోటోలన్నీ తీసి అల్మారాలో పెట్టిందని ఆయన చెప్పారు. గోడ మీద మేకులు మాత్రం మిగిలాయట.

అప్రైజర్ లెక్క చూడటానికి నిష్పక్షపాతంగానే ఉంటుంది: చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన ఇళ్ల ధరలే దానికి ఆధారం. కాని 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ నల్లజాతివారి పేటల్లో ఇంటి రుణాలకు ప్రభుత్వ బీమా నిరాకరించడంతో అప్పు పుట్టక అణిగిపోయిన ధరలు, 1968 చట్టం ఆ వివక్షను నిషేధించాక కూడా, ఈ పద్ధతిలో ఒక అమ్మకం నుంచి మరో అమ్మకానికి సంక్రమిస్తూనే వచ్చాయి. ఇళ్ల నాణ్యతను, సదుపాయాలను సరిచూసుకున్నాక కూడా నల్లజాతివారు అధికంగా ఉన్న పేటల్లో ఇంటి విలువ సగటున 23 శాతం, అంటే 48,000 డాలర్లు తక్కువగా ఉందని బ్రూకింగ్స్ పరిశోధన సంస్థ 2018లో తేల్చింది. మొత్తం మీద అది 15,600 కోట్ల డాలర్ల నష్టం. మంచి జీతాలున్నవారికి సైతం ఎక్కువ వడ్డీ ఉండే సబ్‌ప్రైమ్ రుణాలు అంటగట్టిన ఫలితంగా, 2008 సంక్షోభంలో ఈ కౌంటీలో ఇళ్ల జప్తులు వెల్లువెత్తాయి. సంపాదన ఉన్నా ఆస్తి ఎందుకు నిలవదో ఈ వీధుల్లో అర్థమవుతుంది. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం మధ్యస్థ శ్వేతజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900.

తిరుగుదారిలో, ఇంత చక్కని ఇళ్లుండగా మనవాళ్లు ఇక్కడ ఎందుకు కొనరని మేనల్లుణ్ణి అడిగాను. "స్కూలు రేటింగు చూస్తాం మామయ్యా, మళ్లీ అమ్మేటప్పుడు ధర రావాలిగా," అన్నాడు. కొనేవారు ఇలా ముందే తప్పుకుంటే ధర ఎలా పెరుగుతుందని నేనడిగితే, అందుకే తాను వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో కొన్నానన్నాడు.