డూప్లికేట్లు అనుకున్నాను

మొన్న శుక్రవారంతో పీడ వదిలింది. మూడు నెలల పని. కాలేజీ ల్యాబుల్లో ఏ సిస్టమ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో చూసుకుని, కావాల్సింది వేసి, అక్కర్లేనిది తీసేసే టూల్ ఒకటి మా కంపెనీ చేస్తుంది. దాని స్క్రీన్లు కొత్తగా డిజైన్ చేయమని నాకు అప్పగించారు. మా ఆఫీసు విజయవాడ మొగల్రాజపురంలో. మొదట వాడబోయేది గుంటూరులో ఒక కాలేజీ.

బొమ్మలు, రంగులు, ఫాంట్లు రెండు వారాల్లో అయిపోయాయి. పాత స్క్రీన్ విండోస్ 95 నాటి 'యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్' లాగే ఉండేది. పొడుగాటి జాబితా, కింద ఒక బటన్. మా మేనేజర్ గారు "ఫోన్‌లో యాప్స్ ఉన్నట్టు ఉండాలి" అన్నారు. ఆయన ల్యాబ్‌లో కూర్చుని ఒక్క సిస్టమ్ ఫార్మాట్ చేసిన పాపాన పోలేదు. సరే అన్నాను. జీతం ఆయన సంతకంతోనే కదా వచ్చేది. సెర్చ్ బాక్స్ మాత్రం పూర్తిగా నా సొంతం. పేరు తప్పు కొట్టినా పట్టేస్తుంది, దానికి ఇప్పటికీ ఎవరూ వంక పెట్టలేదు.

నేను ముచ్చటపడి పెట్టుకున్నది ఇంకోటుంది. స్క్రీన్ పైన పెద్ద కార్డు, 'వాడని ప్రోగ్రాములు' అని. ఏడాదిగా ఎవరూ తెరవనివన్నీ అందులోకి వస్తాయి, కింద 'అన్నీ తీసేయి' బటన్. డెమోలో చప్పట్లు కొట్టారు. కాలేజీ యాజమాన్యం పది నిమిషాల్లో ఓకే చేసింది. ఇలాంటి పని ఒప్పుకునేవాళ్లు ఓకే చెప్పేవాళ్లను నమ్ముకోకండి, ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లను ముందు కలవండి. నేను కలవలేదు.

ఇక గుంటూరు. పొద్దున్నే పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో బస్సెక్కి, మంగళగిరి మీదుగా వెళ్లి ల్యాబ్‌లో దిగాను. 30 సిస్టమ్‌లు. ల్యాబ్ అసిస్టెంట్ గారికి యాభై దాటి ఉంటాయి. ఆయన వాడుతుంటే నేను నోరు విప్పకూడదు, పరీక్ష పద్ధతి అది.

ఆయన కార్డు తెరిచారు. అందులో మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని ఆరు వరుసలు. 2010, 2013, 2015-2022, మళ్లీ ఒక్కోదానికి ఎక్స్86 (32 బిట్‌ది) ఒకటి, ఎక్స్64 (64 బిట్‌ది) ఒకటి.

"ఒకే పేరు ఆరుసార్లు ఉందేంటి బాబూ, డూప్లికేట్లా?" అన్నారు.

నేను మాట్లాడలేదు. మాట్లాడినా "అవునండీ" అనేవాణ్ణే. ఆయన నొక్కారు. 30 సిస్టమ్‌లలోనూ పోయాయి.

పదకొండింటికి సెకండియర్ బ్యాచ్ వచ్చింది. ఒకమ్మాయి ప్రోగ్రామ్ తెరిస్తే 'ఎంఎస్‌వీసీపీ140.డీఎల్‌ఎల్ దొరకలేదు' అని వచ్చింది. పక్క సిస్టమ్‌లో అదే. వెనక వరుసలోనూ అదే. "సార్, వైరస్ వచ్చింది సార్!" అని ఒక కుర్రాడు అరిచాడు. అసిస్టెంట్ గారు తల కూడా తిప్పకుండా నావైపు చెయ్యి చూపించి, "వైరస్ కాదురా, విజయవాడ నుంచి వచ్చారు" అన్నారు. ల్యాబంతా గొల్లుమంది.

తర్వాత హెచ్ఓడీ గారి గది బయట స్టూలు మీద నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచి ఆయన అడిగింది ఒక్కటే, "ఆ బటన్ మీ సిస్టమ్‌లో ఒక్కసారైనా నొక్కి చూశారా?" నాది మ్యాక్, విండోస్ కాదు. చూడలేదండీ అన్నాను. ఏసీ గదిలో అలా చెమట పట్టడం నాకదే మొదలు.

అసలు సంగతి ఇది. ఆ ఆరు వరుసల్లోవాటిని ఎవరూ తెరవరు. వేరే ప్రోగ్రాములు లోపల్నుంచి వాటిని వాడుకుంటాయి. ఆ అమ్మాయికి దొరకని డీఎల్‌ఎల్ ఫైలూ వాటితో వచ్చేదే. 2010 దాంతో కట్టిన ప్రోగ్రాముకు 2010దే కావాలి, 2013ది పనికిరాదు. విండోస్ 64 బిట్‌దైనా ప్రోగ్రాము 32 బిట్‌దైతే ఎక్స్86 ఉండి తీరాలి. ఉబుంటు లాంటి లైనక్స్‌లో దేనికి ఏది కావాలో ప్యాకేజీలోనే రాసి ఉంటుంది. విండోస్ జాబితాలో ఆ లెక్క కనిపించదు. 'చివరిసారి ఎప్పుడు తెరిచారు' అని చూసే నా తెలివి వీటి దగ్గర ఎందుకూ కొరగాలేదు.

మా టూల్‌ని మళ్లీ ముట్టుకోనివ్వలేదు. రెండు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని, పోయినవన్నీ మళ్లీ వేస్తూ అసిస్టెంట్ గారొక వరుస, నేనొక వరుస. సాయంత్రం ఐదైంది. మధ్యలో ఆయనే మజ్జిగ తెప్పించి, బీరువాలోంచి ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తీశారు. ఏ సాఫ్ట్‌వేర్ వేయాలంటే ముందు ఏది వేయాలి, ఏది తీస్తే ఏది ఆగిపోతుంది, అన్నీ వరసగా నీలం ఇంకుతో రాసి ఉన్నాయి. నేను మూడు నెలలు వెతికిన డిజైన్ అది. అడిగితే తీసుకెళ్లమన్నారు.

ఇప్పుడు స్క్రీన్‌లో ఇలా వేరే ప్రోగ్రాములకు కావాల్సినవన్నీ 'తోడు ఫైళ్లు' అని విడిగా, తాళం గుర్తుతో ఉంటాయి, టిక్ పెట్టడానికి వీల్లేదు. ఏది తీసేసినా ముందు ఒక్క సిస్టమ్‌లోనే తీస్తుంది, అది బాగుందంటేనే మిగతా 29. మళ్లీ పొడుగాటి జాబితానే వచ్చిందని మేనేజర్ గారికి కొంచెం కోపం. ఉండనీండి.

నిన్న అసిస్టెంట్ గారు ఫోన్ చేశారు. స్క్రీన్ బాగుందా అండీ అని అడగబోయాను. "బాబూ, నా నోట్‌బుక్కు?" అన్నారు. ఆదివారం వెళ్లి ఇచ్చి రావాలి.