తెగిన కాడ అతుకు

నేను పెళ్లయి చేనేత ఊరు పుట్టపాకకు వచ్చిన కొత్తలో ఆసు చేత్తోనే పోసేవాళ్లం. చీర నేసే ముందు దారాన్ని మేకులకు చుట్టి పోసే పనే ఆసు. ఒక పక్కన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. దారం పట్టుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు. సాయంత్రానికి రెట్ట లేచేది కాదు, జడ వేసుకోవాలన్నా ఏడుపొచ్చేది.

అత్తమ్మ ఆసు పోస్తూ "నరసింహా" అనుకునేది. యాదగిరిగుట్ట స్వామి మా ఇంటి దేవుడు. చెయ్యి అటు పోతే ఒకసారి, ఇటు వస్తే ఒకసారి. నాకూ అదే అలవాటైంది. భక్తి కుదిరిందనే అనుకున్నాను.

తర్వాత ఆసు మిషన్ వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గారు తన తల్లి పడే నొప్పి చూడలేక 1999లో తయారుచేసి, ఆమె పేరే పెట్టిన లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మా రెట్టలను అడిగితే ఇంకా పెద్దదే ఇమ్మంటాయి.

చేతికి ఆ పని తప్పింది. దాంతో నామమూ పోయింది. పది రోజులకు గానీ గమనించలేదు. ఇన్నేళ్లూ జపం చేసింది నేనా, నా చెయ్యా? చాలా బాధపడ్డాను.

తెల్లవారుజామున తులసిమాల పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. 108 పూసలు. ఇరవై దాటకముందే రంగుల బాకీ, పిల్లాడి ఫీజు, టెన్షన్. మనసు పోయినప్పుడల్లా మళ్లీ మొదటి పూసకు వచ్చేదాన్ని. నెల గడిచినా ఒక్క మాల పూర్తి కాలేదు. ఇది స్వామి ఇస్తే రావాలి గానీ మనం చేస్తే వచ్చేది కాదని మాల దేవుని అర్రలో పెట్టేశాను.

అత్తమ్మ చూసింది. "దారం తెగితే ఆసు మొత్తం విప్పుతవా బిడ్డా? తెగిన కాడ అతికి పోతవు గద" అంది.

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు, మనసును పట్టడం గాలిని పట్టినంత కష్టమంటాడు. కృష్ణుడు కాదనడు. నిస్సందేహంగా కష్టమేనని ఒప్పుకుని, అప్పుడు అభ్యాసం, వైరాగ్యం అంటాడు. ఆ ఒప్పుకోలు నాకెంత ధైర్యమో చెప్పలేను. వైరాగ్యం నాకింకా అందలేదు. అభ్యాసమంటే మాత్రం ఈ రెట్టకు తెలుసు.

ఇప్పుడు మనసు పోయిన పూస దగ్గరే ఆగి, దాన్ని కాసేపు వేళ్ల మధ్య ఒత్తి పట్టుకుని, అక్కడి నుంచే సాగుతాను. నిన్న పదకొండు సార్లు తెగింది. మాల చివరి మేరుపూస చేతికి తగిలేసరికి మిషన్ వేసే టైమైంది.