మా లైబ్రరీ గ్రూపు

"ఎమ్మా, ఆ మూడో పుస్తకం నాకు తీసి పెట్టు, సాయంత్రం వస్తా."

పొద్దున్నే మా కావలి లైబ్రరీ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్. పంపింది మా వీధి రిటైర్డు పంతులుగారు. మాటల వెనకాల కుక్కర్ విజిల్ కూడా వినపడింది. లైబ్రేరియన్ మేడం కొత్త పుస్తకాల అట్టలు ఫోటో తీసి గ్రూపులో పెట్టి అయిదు నిమిషాలు కూడా కాలేదు!

ఒకప్పుడు పాత పత్రికలు చూడాలంటే వేటపాలెం రైలెక్కాల్సిందే. అక్కడిది 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం మరి. ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు కుప్పలు. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళ నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఫోన్లోనే తెరుచుకుంటుంది. రాత్రిళ్ళు నేనూ వాటిలోనే పడి ఉంటా, కాదనను. కాకపోతే సగం స్కాన్లలో పేజీలు వంకర, కొన్నిట్లో అసలు పేరే తప్పు.

అక్కడ "నాకు తీసి పెట్టు" అంటే పలికేవాళ్ళెవరు? పంతులుగారికి యాప్‌లో లాగిన్ అవడం రాదు, మైకు గుర్తు నొక్కడం వచ్చు. లైబ్రరీకి అంతకంటే పెద్ద టెక్నాలజీ ఎందుకో నాకు అర్థం కాదు.

గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు పెట్టేవాళ్ళను మాత్రం మేడం ఏమీ అనలేకపోతోంది, పాపం. వాళ్ళంతా ఆమెకు పెద్దోళ్ళు.