పాలల్లో సాల్మొనెల్లా: ట్యూబు వెలిగేదాకా నా అనుభవం

కావలసిన డీఎన్‌ఏను వెతికి కోసే క్రిస్పర్ పద్ధతితో పాలల్లో సాల్మొనెల్లా అనే జబ్బు బ్యాక్టీరియాను పట్టుకోవడం అనంతపురంలో నా పీజీ ప్రాజెక్టు. ఆ బ్యాక్టీరియా ఇన్వ్‌ఎ జన్యువును, దానికి సరిపోయేలా చేసిన గైడ్ ఆర్‌ఎన్‌ఏ గుర్తుపట్టగానే క్యాస్12ఎ ఎంజైము పూనకం వచ్చినట్టు చుట్టూ ఉన్న ఒంటిపోగు డీఎన్‌ఏనంతా నరికేస్తుంది. మనం ముందే వేసిన, తెగితే వెలిగే రిపోర్టర్ డీఎన్‌ఏ ముక్కలు కూడా తెగి, నీలి లైటు కింద ట్యూబు ఆకుపచ్చగా వెలుగుతుంది.

ఎంజైము ఒక్కదాన్నే నమ్ముకుంటే పికోమోలార్ స్థాయిలో డీఎన్‌ఏ కావాలి. అంటే మైక్రోలీటరుకు సుమారు 6 లక్షల కాపీలు! పాలల్లో అన్ని ఎక్కడుంటాయి? అందుకే ముందు 39 డిగ్రీల దగ్గర, ఒకే వేడిలో డీఎన్‌ఏకు కాపీలు తీసే ఆర్‌పీఏ అనే పద్ధతితో డీఎన్‌ఏను పెంచాలి. దానికి పదేపదే వేడిచేసి చల్లార్చే పీసీఆర్ మిషన్ అక్కర్లేదు, హీట్ బ్లాక్ చాలు.

మొదట్లో ఆర్‌పీఏ అయ్యాక మూత తీసి క్యాస్12ఎ కలిపేదాన్ని. నాలుగో వారంలో బ్యాక్టీరియా వేయని నెగటివ్ ట్యూబు కూడా వెలిగింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మూత తీసినప్పుడల్లా కోట్ల కాపీలు తుంపరగా లేచి బల్లకూ పిపెట్లకూ అంటుకుంటున్నాయని సీనియర్ అక్క చెప్పింది. అన్నీ బ్లీచుతో తుడిచాం.

పోనీ అన్నీ ఒకేసారి కలుపుదామంటే, ఆర్‌పీఏ పెంచుతున్న డీఎన్‌ఏను క్యాస్12ఎ అప్పటికప్పుడే కోసేస్తోంది, మొలకలను మేక మేసినట్టు. చివరికి క్యాస్12ఎను మూత లోపల చుక్కగా పెట్టి, 20 నిమిషాల ఆర్‌పీఏ తర్వాత మూత తీయకుండానే సెంట్రిఫ్యూజ్‌లో ఒక్క తిప్పు తిప్పాను. చుక్క దిగింది. పాజిటివ్ వెలిగింది, నెగటివ్ చీకటిగానే ఉంది.

ఇదంతా శుభ్రమైన నీళ్లలో. గేదె పాలకు వచ్చేసరికి వెలుగు మసకబారింది. సెంట్రిఫ్యూజ్ చేస్తే పైన మీగడ గట్టిగా పేరుకుంది, దాన్ని దూదిపుల్లతో తీశాను. అడుగున బ్యాక్టీరియా దిగిన ఆవగింజంత ముద్ద (పెల్లెట్). దాన్ని రెండుసార్లు కడిగి, కణాలు పగిలి డీఎన్‌ఏ బయటికి వచ్చేలా 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాను. నా లెక్కలో ఎంజైము మార్చినా రాని ఫలితం ఈ కడుగుడుతోనే వచ్చింది.

మిల్లీలీటరుకు 100 కణాలు వేసిన పాలు మూడుసార్లూ వెలిగాయి. 10 కణాలు వేసినవి ఒక్కసారే. కానీ పాల ఉత్పత్తుల్లో 25 గ్రాములకు ఒక్క సాల్మొనెల్లా కూడా ఉండకూడదన్నది నిబంధన. అందుకే ఇప్పుడు ఉన్న కొద్ది బ్యాక్టీరియా పెరిగేలా పాలను పెప్టోన్ అనే పోషకం కలిపిన నీళ్లలో 37 డిగ్రీల దగ్గర ఆరు గంటలు పెట్టి, ఆ తర్వాత పరీక్షిస్తున్నాను.